పొట్టి మేస్త్రి పరిచిన నేల

మార్చి 4, మంగళవారం

మావయ్యా,

అన్యాయం జరిగింది. చేసినవాడు పొట్టి మేస్త్రి.

ఇంతకన్నా సూటిగా రాయడం నాకు చేతకాదు. నీ ఉత్తరం భోజనాల బెల్లు కొట్టగానే ఒకసారి చదివాను. మెట్ల మీద కూర్చుని రెండోసారి చదివాను. మూడోసారి బిస్కెట్ పెట్టెల చాటున నిలబడి చదువుతుంటే మా సూపర్‌వైజరు వచ్చి, "ఏంటి, ప్రేమలేఖా?" అన్నాడు. "కాదు, నేరారోపణ" అన్నాను. పెట్టెలు లెక్కపెట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

పక్షవాతం వచ్చి ఎడమ కాలూ ఎడమ చెయ్యీ పడిపోయిన మనిషి, మూడు నెలలు మంచానికి అతుక్కుపోయిన మనిషి, లేచి, చేతికర్రతో ఆసుపత్రి దాకా వెళ్ళి, అక్కడి యోగా హాల్లో పన్నెండు మందితో కలిసి మళ్ళీ నిలబడటం నేర్చుకుంటున్నాడు. ఆ నేలే వాలుగా ఉంటే! టీచరమ్మ "తాడాసనం, నిటారుగా" అంటుంది. నువ్వు నిలబడతావు. నేల నిన్ను ఎడమకి లాగుతుంది. ఆవిడ వచ్చి భుజం పట్టుకుని "మేస్త్రి గారూ, ఒరుగుతున్నారు" అంటుంది. దానికి నువ్వన్న మాట నా నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాను: "అమ్మా, ఒరిగింది నేను కాదు, నేల. ముప్పై ఏళ్ళు టైల్స్ పరిచాను. నా కంటికి తెలియదా?"

తెలుస్తుంది మావయ్యా! నువ్వు పరిచిన గదిలో గోళీ పెడితే పెట్టిన చోటే కూర్చుంటుందని అమ్మ ఎప్పుడూ చెప్పేది. అలాంటి కన్ను వాలుందంటే వాలున్నట్టే. రెండేళ్ళ కిందట ఆ నేల పరిచింది నీ పాత జతగాడు పొట్టి మేస్త్రే అని నువ్వే రాశావు. పేషెంట్లు నిలబడే చోట వంకర నేల పరచడం పొరపాటు కాదు, ద్రోహం. నేను చదివే కార్మిక సంఘం చిన్న పుస్తకాల్లో ఏడో నంబరులో ఉంది: బాధపడ్డవాడు మొహమాటపడితే బాధపెట్టినవాడికి బలం. నువ్వు మొహమాటపడకు. నేనున్నాను.

మందులు వేళకి వేసుకో. అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ కోపిష్టి మేనకోడలు


మార్చి 9, ఆదివారం

ఒసేయ్ కోడలు పిల్లా,

ఇది నా ఎడమ చేత్తోనే రాస్తున్నానని ముందే చెబుతున్నాను. పుట్టుకతో ఎడమచేతి వాటం వాడికి పక్షవాతం ఎడమ పక్కకే రావాలా? దాని మీద కూడా నేరం మోపు. ఫిజియో పిల్ల రోజుకో పేజీ రాయమంది. ఎక్కాలు రాస్తుంటే మీ అత్తయ్య పక్కన కూర్చుని తప్పులు దిద్దుతోంది. ఆవిడ దిద్దలేనిది ఏదైనా రాయాలని నీకు రాస్తున్నాను. అక్షరాలు బారు తప్పిన చీమల్లా ఉన్నాయి. నువ్వే ఏరుకో.

యోగా సంగతి అడిగావు కాదు కానీ చెబుతాను. మొదట్లో నాకు నవ్వొచ్చింది. యోగా అంటే కాలు తీసి మెడకి చుట్టుకునేది కదా, మా కాళ్ళు మా మాటే వినవు, మెడదాకా ఎక్కడ వస్తాయి అనుకున్నా. ఇక్కడ అదేం లేదు. కుర్చీలో కూర్చుని నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చాలి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. మంచి చేత్తో పాడు చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. తర్వాత వెనక కుర్చీ పెట్టుకుని లేచి నిలబడాలి. అంతే. ఆ అంతేకి చొక్కా తడిసిపోతుంది. నా పక్క కుర్చీలో ఒక బస్సు కండక్టరుంటాడు. ఆయనకి కుడి పక్క పడింది. లేచేముందు ప్రతిసారీ హాలంతా వినబడేలా "దిగేవాళ్ళు దిగండి!" అంటాడు. అప్పుడు గానీ కాలు కదలదు.

నేల సంగతి. నిన్న మా వరసలో అడిగి చూశాను. ఎడమ పక్క పడినవాళ్ళం ముగ్గురం ఉన్నాం. ముగ్గురికీ నేల ఎడమకే వాలినట్టుంది. ముగ్గురు చెబితే సాక్ష్యం కాదా? కండక్టరు మాత్రం కుడికి వాలుందంటాడు. ఆయనకేం తెలుసు, టిక్కెట్లు చింపుకునే మనిషి!

పొట్టివాడి గురించి నీకు పూర్తిగా చెప్పలేదు. పదకొండేళ్ళు కలిసి పనిచేశాం. ఒక బాత్రూము దగ్గర విడిపోయాం. నీళ్ళు పోవడానికి గజానికి ఒక వేలు వాలు చాలని నేను, రెండు వేళ్ళు కావాలని వాడు. "నీకు కళ్ళే ఉన్నాయి, బుర్ర లేదు" అన్నాడు. "నీకు రెండూ లేవు" అన్నాను. ఆ ఇంటావిడ "ఇద్దరూ బయటికి నడవండి" అంది. ఆ గుమ్మం దాటి ఆరేళ్ళయింది, అప్పట్నుంచీ మాటల్లేవు. వాడి నేల మీద నిలబడి ఒరిగిపోతుంటే నాకెలా ఉంటుందో ఆలోచించు.

నువ్వేమీ చెయ్యకు. ఏదో నోటి తీట కొద్దీ రాశాను. నువ్వలా ఎగిరి పడితే, సరే, నాకు కాస్త బాగానే ఉందనుకో. అయినా ఏమీ చెయ్యకు.

మీ మావయ్య


మార్చి 13, గురువారం

ప్రియమైన మావయ్యా,

చేసేశాను.

నీ ఉత్తరంలో అసలు రహస్యం దాగుంది. నువ్వు గమనించలేదు, నేను గమనించాను. ఎడమవాళ్ళకి ఎడమ వాలు, కుడివాళ్ళకి కుడి వాలు. అంటే ఏంటి? హాలు మధ్యలో ఎత్తు, రెండు పక్కలా పల్లం! గాడిద వీపు పరిచాడు మావయ్యా ఆ మహానుభావుడు! నువ్వు ఒక వాలే పట్టుకున్నావు, నేను రెండోది కూడా పట్టుకున్నాను. కండక్టర్ గారిని తీసిపారేయకు, ఆయన మన సాక్షి.

రెండు రాత్రుళ్ళు మెలకువగా ఉండి రాశాను. మా ప్యాకింగ్ సెక్షన్‌లో అమ్మాయిలకి చదివి వినిపిస్తే ఒకమ్మాయి కళ్ళు తుడుచుకుంది (తనకి జలుబు కూడా ఉంది అనుకో). మూడొందల కాపీలు. ఒకటి ఆసుపత్రి సూపరింటెండెంటుకి ఫిర్యాదుతో కలిపి రిజిస్టర్డు పోస్టులో పంపాను. మిగతా కట్ట బస్సులో కండక్టర్ గారి పేరు మీద పంపాను. టిక్కెట్లు పంచిన చెయ్యి, ఆయనకి నేర్పక్కర్లేదు. నీకోసం ఇక్కడ దించుతున్నాను:

"సోదర పేషెంట్లారా! మీరు ఒరగడం లేదు. మిమ్మల్ని ఒరగదీస్తున్నారు! యోగా హాలు నేల మధ్యలో ఎత్తుగా, అంచుల్లో పల్లంగా ఉంది. పరిచినవాడు పొట్టి మేస్త్రి. కళ్ళు మూసుకున్నది ఆసుపత్రి ఆఫీసు. ఒక కాలు చచ్చుబడిన మనిషిని వంకర నేల మీద నిలబెట్టి 'నిటారుగా నిలబడు' అనడం కన్నా క్రూరమైన హాస్యం ఉందా? నేలను పెకలించండి! మళ్ళీ పరచండి! అంతవరకూ ఆ నేల మీద కాలు పెట్టకండి!"

చివరి వాక్యం బాగుంది కదా? పదకొండో నంబరు పుస్తకంలో ఉంది, డిమాండు లేని కరపత్రం పిడి లేని కత్తి అని.

ఏమీ చెయ్యకు అని రెండుసార్లు రాశావు. మొహమాటం మనిషి చేత అలా రాయిస్తుందని నాకు తెలుసు.

నీ పక్షాన నిలబడ్డ
మేనకోడలు


మార్చి 18, మంగళవారం

కోడలా,

పేజీ నిండా రాసే ఓపిక లేదు.

నీ కాగితాలు అందాయి. కండక్టరు మెయిన్ గేటు, మందుల కొట్టు, ఎక్స్‌రే గది, ఎక్కడా వదల్లేదు. నిన్న సాయంత్రం యోగా హాలుకి తాళం పడింది. తలుపుకి కాగితం అంటించారు: నేల తనిఖీ అయ్యేవరకు మూసివేయడమైనది.

నువ్వా ఫిర్యాదు వెనక్కి తీసుకో. ఎందుకని అడక్కు.

మీ అత్తయ్య బాగానే ఉంది. ఇక్కడ వాన పడుతోంది.

మావయ్య


మార్చి 21, శుక్రవారం

మావయ్యా,

ఎవరు బెదిరించారు నిన్ను?

వాన పడుతోందని రాశావు. రెండు గంటల దూరంలో ఉన్నాను, ఇక్కడ నెల రోజులుగా చినుకు లేదు. మేఘాలు నీ ఇంటి మీదే ఆగాయా? మనిషి చెప్పాల్సింది చెప్పకుండా వాతావరణం గురించి రాస్తున్నాడంటే అతని వెనక ఎవరో నిలబడి ఉన్నట్టు. ఎవరది? సూపరింటెండెంటా? పొట్టి మేస్త్రి ఇంటికొచ్చి కాళ్ళావేళ్ళా పడ్డాడా? లేక నువ్వే కరిగిపోయావా? పదకొండేళ్ళు కలిసి సిమెంటు కలిపాం కదా అని జాలి కలిగిందా? చెప్పు.

తాళం పడిందంటే భయపడకు. తాళం పడటం మన విజయం. తప్పు లేకపోతే ఎందుకు మూస్తారు? కండక్టర్ గారు నాకు విడిగా కార్డు రాశారు. మన కాగితం చూసి, కొత్తగా కడుతున్న పది గదుల బిల్డింగు యజమాని పొట్టి మేస్త్రిని పనిలోంచి ఆపేశాడట. చదివి, అబద్ధం ఎందుకు, చప్పట్లు కొట్టాను. వంకర పని చేసినవాడి చేతికి పని దొరక్కపోవడమే న్యాయం. ఫిర్యాదు వెనక్కి తీసుకోను. ఈసారి పత్రికలకి పంపుతాను. "మేనమామ కన్ను" అని పేరు కూడా పెట్టేశాను.

నువ్వు మాత్రం మెత్తబడకు మావయ్యా. నువ్వు మెత్తబడితే నేను ఎవరి తరఫున అరుస్తున్నట్టు?

నీ
కోడలు పిల్ల


మార్చి 25, మంగళవారం

అమ్మా, కరపత్రం,

వాన పడలేదు. ఎవరూ బెదిరించలేదు. కూర్చో. కూర్చున్నాక చదువు.

పదిహేడో తారీఖు సోమవారం. నీ కాగితం చదివి టీచరమ్మ కోప్పడలేదు. ఆసుపత్రి వడ్రంగి దగ్గర రసమట్టం అడిగి తెచ్చింది. "మేస్త్రి గారూ, నాకు ఇది చూడటం రాదు. మీరే చూసి చెప్పండి" అంది. నాకు ఎంత సంతోషమో! ఇన్నాళ్ళకి నా చేతికి నా పనిముట్టు వచ్చింది. నేల మీద పెట్టించాను. బుడగ గీతల మధ్యలో కూర్చుంది, అంటే నేల సమం. ఎడమ గోడ దగ్గర పెట్టించాను. మధ్యలోనే. కిటికీ కింద, తలుపు దగ్గర, కండక్టరు కుర్చీ పక్కన, అన్నిచోట్లా అంతే.

"మట్టం చెడిపోయింది" అన్నాను.

దానికో పరీక్ష ఉంది. మట్టాన్ని ఒకసారి పెట్టి చూసి, చివర్లు తారుమారు చేసి అక్కడే మళ్ళీ పెట్టాలి. చెడ్డ మట్టమైతే రెండోసారి బుడగ అవతలి పక్కకి పారిపోతుంది. నేనే తిప్పించాను. పారిపోలేదు.

కండక్టరు వంగి చూసి, "అయితే నా కుడి వాలు కూడా ఉత్తిదేనా?" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

టీచరమ్మ పైకప్పు హుక్కుకి ఒక దారం కట్టి, చివర బీరువా తాళాల గుత్తి వేలాడదీసింది. నన్ను నిలువుటద్దం ముందు దారానికి ఎదురుగా నిలబెట్టింది. "కళ్ళు మూసుకోండి. మీకు నిటారుగా ఉన్నానని నమ్మకం కుదిరేదాకా సర్దుకోండి. కుదిరాక తెరవండి" అంది. సర్దుకున్నాను. బాగా కుదిరింది. తెరిచాను. దారం నా ముక్కు మీదుగా దిగాలి కదా? కుడి కంటి మీదుగా దిగుతోంది.

ముప్పై ఏళ్ళు గోడలకి చెప్పాను, నువ్వు వంకర అని. ఆ రోజు తాళాలగుత్తి నాకు చెప్పింది.

ఆడలేక మద్దెల ఓడు అన్న సామెత ఊళ్ళో వాళ్ళ మీద వాడటానికే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంటికొచ్చి మీ అత్తయ్యని అడిగాను, "నేను ఒరుగుతున్నానా?" అని. "మంచం దిగినప్పటి నుంచీ" అంది. "మరి చెప్పవేం?" అంటే, "వంటింటి తలుపు చట్రం వంకరగా బిగించారని మొన్న దాన్నే తిట్టారు. నేను చెబితే నన్నూ మళ్ళీ బిగించమనేవారు" అంది.

టీచరమ్మ చెప్పింది, కన్ను పోలేదట. నిలువు ఎటో చెప్పే చోటు మెదడులో దెబ్బతిని, ఒళ్ళు అబద్ధం చెబుతోందట. కన్ను దారాన్ని చూసి ఒంటికి నిజం నేర్పాలట. ఊపిరి వదులుతూ బరువు కుడి కాలి మీదకి, ముక్కు దారం మీదకి. రోజుకి ఇరవై సార్లు. ఆ రోజు పదకొండోసారికి దారం ముక్కు మీదకి వచ్చింది. ఒక్క క్షణం. నిటారుగా ఉంటే పడిపోతున్నట్టుందే పిల్లా! అయినా వచ్చింది. సాయంత్రానికి తాళం పడింది.

ఎనిమిది రోజులైంది. ఇంట్లో అద్దం గడ్డం గీసుకునేంతది, అందులో నా గడ్డమే నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. కండక్టరు భుజం మళ్ళీ బిగుసుకుపోయిందట. చివరి వరసలో ఆ దర్జీ ఆవిడ నెల క్రితమే నిలబడటం మొదలుపెట్టింది, మళ్ళీ కూర్చుండిపోయింది. తనిఖీకి ఇంజనీరు రావడానికి రెండు నెలలు పడుతుందంటున్నారు. రెండు నెలల్లో మేమందరం ఎక్కడ మొదలుపెట్టామో అక్కడికి పోతాం.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు "నీ కంటికి తెలుస్తుంది మావయ్యా" అని రాశావు. ఆ ముక్క పదిసార్లు చదువుకున్నాను. ఇంకెవరి దగ్గర ఎలా ఉన్నా నీ దగ్గర మేస్త్రిగానే ఉండాలనిపించింది. దానికి పొట్టివాడి పని పోయింది. వాడి నేల బంగారంలా ఉంది. సందులు చూశాను, దారం పట్టి గీసినట్టున్నాయి. నేను పరిచినా అంతే.

ఇప్పుడు తిట్టు.

మావయ్య


మార్చి 28, శుక్రవారం

మావయ్యా,

నిన్ను తిడదామని మూడు కాగితాలు చింపాను. నాలుగోది నన్ను నేను తిట్టుకోవడానికే సరిపోయింది.

నువ్వు ఊరికే అన్నావు. అచ్చు వేసింది నేను. ఒక్కసారి బస్సెక్కి రెండు గంటలు కూర్చుని వచ్చి చూస్తే సరిపోయేదానికి రెండు రాత్రుళ్ళు కూర్చుని రాశాను. గాడిద వీపు అని కనిపెట్టాను చూడు! నా దగ్గర పందొమ్మిది చిన్న పుస్తకాలున్నాయి. శ్రామికుడి పక్షాన నిలబడు అని పందొమ్మిదింటిలోనూ ఉంది. నేను నా మొదటి కరపత్రంతో ఒక శ్రామికుడి చేతిలో పని తీయించాను. అది చాలక చప్పట్లు కొట్టాను. పత్రికలకి రాసిపెట్టింది మాత్రం పంపలేదు.

బుధవారం నీ ఉత్తరం అందింది. గురువారం సూపరింటెండెంటుకి ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నాను. "అమ్మాయ్, మూడొందల కాగితాలు ఊరంతా తిరుగుతున్నాయి. రేపు ఎవరైనా పడితే ఆ కాగితం తెచ్చి నా మొహాన కొడతారు. నువ్వు రాసింది అబద్ధమని నువ్వంటే సరిపోదు. పని తెలిసిన మేస్త్రీలు ఇద్దరు అందరి ముందూ కొలిచి, సరిగ్గా ఉందని సంతకం పెడితే క్లాసులు మళ్ళీ పెట్టనిస్తాను" అన్నాడు. ఆయన్ని కూడా తిట్టాలనుకున్నాను, తిట్టడానికి ఏమీ దొరకలేదు.

ఆ సాయంత్రం షిఫ్టు దిగి బయటికొస్తే గేటు పక్కన ఒకాయన నిలబడి ఉన్నాడు. పొట్టిగా. చేతిలో మన కాగితం నాలుగు మడతలు పెట్టి ఉంది. కింద నా చిరునామా గొప్పగా అచ్చు వేశాను కదా, పట్టుకుని వచ్చేశాడు.

"ఇది రాసింది నువ్వేనామ్మా?"

"నేనేనండీ."

"బాగా రాశావు. ఒక్క అక్షరం తప్పు లేదు. నిజం కూడా ఉంటే ఇంకా బాగుండేది."

నీ ఉత్తరం సంచిలోనే ఉంది, తీసి ఇచ్చాను. నిన్ను అడక్కుండా ఇచ్చాను, కోప్పడతావేమో. అక్కడే ప్రహరీ గోడ మీద కూర్చుని నెమ్మదిగా చదివాడు. తాళాలగుత్తి దగ్గర ఆగాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు.

"ఇంత పెద్ద జబ్బు చేసిందని నాకెవరూ చెప్పలేదే" అన్నాడు. తర్వాత, "ఎడమ చెయ్యేనా?" అన్నాడు. అవునన్నాను. కాగితం మళ్ళీ మడతలు పెడుతూ కూర్చున్నాడు.

నేను క్షమించమని అడిగాను. "ఇక్కడ గేటు దగ్గర, ఎవరూ వినకుండానా? తిట్టింది ఊరందరి ముందు కదా" అన్నాడు. సూపరింటెండెంటు మాట చెప్పాను. "కొలవడానికేం, నీళ్ళ ట్యూబు నా దగ్గరుంది. రెండో కొస పట్టుకునేవాడు కావాలి" అన్నాడు. మా సెక్షన్ అమ్మాయిల్లో ఒకరి నాన్న మేస్త్రీ అనీ, ఆయన్ని అడుగుతాననీ అన్నాను.

"వద్దు. ఆ నేల వంకర అన్నది మీ మావయ్య. రెండో కొస మీ మావయ్యే పట్టుకోవాలి. ఇంకెవడు పట్టినా నేను రాను" అన్నాడు. బస్సెక్కబోతూ వెనక్కి తిరిగి, "ఆ బాత్రూములో రెండు వేళ్ళ వాలే కరెక్టని చెప్పు" అన్నాడు.

నువ్వు వద్దంటే వద్దు. నిజంగా అంటున్నాను, ఈసారి మొహమాటమని అనుకోను.

మేనకోడలు


మార్చి 31, సోమవారం

కోడలు పిల్లా,

ఒక వేలే కరెక్టు. వాడికి చెప్పు. లేదా వద్దు, నేనే చెబుతాను.

నీ ఉత్తరం చదివి శనివారం పొద్దున వద్దని రాసి, కవరు కూడా అంటించాను. ఎందుకో చెబుతాను విను. నీళ్ళ ట్యూబు ఎలా పనిచేస్తుందో నీకు తెలీదు. నిండా నీళ్ళు పోసిన సన్నటి గొట్టం. ఒక కొస ఇతను, ఒక కొస అతను పట్టుకుంటారు. రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తులో ఆగుతాయి. ఆ ఎత్తు నుంచి నేలకి ఎంతుందో కొలుచుకోవడమే. ఇక్కడ చెయ్యి వణికితే అక్కడ నీళ్ళు ఎగురుతాయి. పదకొండేళ్ళు నా కొసలో నీళ్ళు పెట్టగానే నిలిచేవి, వాడి కొసలోనే ఆలస్యం. దానికి వాణ్ణి ఎన్నిసార్లు ఏడిపించానో! ఇప్పుడు హాలు నిండా జనం ముందు నా ఎడమ చెయ్యి పెట్టి పట్టుకోవాలి. ఒరిగింది నేలా నేనా అన్నది ఒక్క క్షణంలో తేలిపోతుంది. చెయ్యి వణకడం మాత్రం కొలత అయ్యేదాకా అందరూ చూస్తూనే ఉంటారు.

మీ అత్తయ్య ఆ కవరు చించి చదివింది. ఆవిడకి నా ఉత్తరాలు చించే హక్కు పెళ్ళినాడే వచ్చిందట. పాత గొట్టం ఒకటి వెతికి, నీళ్ళు నింపి, ఒక కొస తను పట్టుకుని వంటింట్లో నిలబడింది. నేను ముందు గదిలో. ఎగురుతున్నాయి. "ఆగడం లేదే" అని అరిచాను. "టీచరమ్మ చెప్పినట్టు ఊపిరి వదలండి. నేనేం రైలు అందుకోవాలా?" అని అక్కణ్ణుంచి అరిచింది. ఆరు అంకెలు వదిలాను. మళ్ళీ ఆరు. ఐదోసారికి నిలిచాయి. ఎంతసేపంటావా? పొయ్యి మీద పాలు పొంగిపోయేంత. పాలు పోయినందుకు తిట్లు నాకే.

వాణ్ణి రమ్మను. ఏప్రిల్ మూడు, గురువారం. ఎడమ చేత్తోనే పడతాను. వణికితే వణకనీ.

ఊరందరినీ కొలతకి పిలిచే కాగితం నువ్వే రాయి. నీకన్నా బాగా రాసేవాళ్ళు నాకు తెలీదు. కానీ నా మాటలు ఈ కవరులోనే వేరే కాగితం మీద ఉన్నాయి, అవి నేను చెప్పినట్టే ఉండాలి. నువ్వు మెరుగులు దిద్దకు. పుస్తకాల నంబర్లు వద్దు. ఆశ్చర్యార్థకాలు వద్దు. అక్కడ అందరికీ రక్తపోటు ఉంది.

మావయ్య


ఏప్రిల్ 1, మంగళవారం

మావయ్యా,

ఈ ఉత్తరం, కట్ట, రెండూ మధ్యాహ్నం బస్సుకి ఇస్తున్నాను. నీ కవరు నిన్న సాయంత్రం బస్సులో అందింది, రాత్రే అచ్చు వేయించాను, మళ్ళీ మూడొందలే. మొదటిది ఎన్ని చేతుల్లోకి వెళ్ళిందో ఇదీ అన్ని చేతుల్లోకి వెళ్ళాలని కండక్టర్ గారికి చీటీ రాశాను. పది గదుల బిల్డింగు యజమానికి మాత్రం నేనే స్వయంగా ఇస్తాను. పొట్టి మేస్త్రి గారికీ సూపరింటెండెంటుకీ ఫోన్ చేసి చెప్పాను. బుధవారం రాత్రికి వస్తున్నాను. రెండు రోజుల సెలవు అడిగితే సూపర్‌వైజరు "ఎందుకు?" అన్నాడు. "తప్పు ఒప్పుకోవడానికి" అన్నాను. "దానికి రెండు రోజులు పడుతుందా?" అన్నాడు. నా తప్పు సైజు ఆయనకేం తెలుసు!

నీ మాటలు ఒక్కటీ మార్చలేదు. కింద ఒక ముక్క నాది కలిపాను. నీకు ఇష్టం లేకపోతే చెప్పకు, అచ్చయిపోయింది.

"అందరికీ నమస్కారం. నేను టైల్స్ మేస్త్రిని. పక్షవాతం వచ్చాక యోగా హాల్లో నిలబడటం నేర్చుకుంటున్నాను. ఆ హాలు నేల వంకర అని నేను అన్నాను. అది తప్పు. ఒరిగింది నేను. నేల పరిచినవాడు నాతో పదకొండేళ్ళు పనిచేసిన పొట్టి మేస్త్రి. అతని పని మీద నాకు ఏ అనుమానమూ లేదు, ఒక్క బాత్రూము విషయంలో తప్ప. ఆ నేలని మేమిద్దరం మీ అందరి ముందు నీళ్ళ ట్యూబుతో కొలుస్తాం. నా చెయ్యి వణుకుతుంది. నీళ్ళు నిలవడానికి టైము పడుతుంది. తొందరున్నవాళ్ళు కూడా రండి, తొందర తగ్గుతుంది. కొలతకి తాళం తీస్తారు, కొలత అయ్యాక సంతకాలు పెడతాం, ఇక తాళం వెయ్యరు, క్లాసు మొదలవుతుంది.

"మొదటి కాగితం రాసింది నేను, ఆయన మేనకోడలిని. చూడకుండా రాశాను. ఒక పనివాడి పేరు చెడగొట్టాను. ఈసారి అక్కడే ఉంటాను, మట్టం గీతలు గోడల మీద నేనే గీస్తాను. నన్ను ఎవరేమన్నా పడతాను. పేషెంట్లు, వాళ్ళని తీసుకొచ్చేవాళ్ళు, మొదటి కాగితం చదివి నమ్మినవాళ్ళు, నమ్మనివాళ్ళు, అందరూ రావాలి. నిలబడలేనివాళ్ళ కోసం కుర్చీలు వేసి ఉంచుతాం.

"ఏప్రిల్ 3, గురువారం. ఆసుపత్రి వెనక గేటు, యోగా హాలు తలుపు ముందు. పొద్దున సరిగ్గా ఏడు గంటలకి."